గుణుపురంలో ఉంటూ విశాఖలో పళ్లకు క్లిప్పులు: తీగ గుచ్చుకుంటే ఇంట్లో ఏం చేయాలి?

గుణుపురం అమ్మ:

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా పాపకు 14 ఏళ్లు. కింది పళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటే, పై కోరపళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. నవ్వితే చేయి అడ్డం పెట్టుకునేది. అది చూడలేక విశాఖలో ఆర్థోడాంటిస్టు (వంకర పళ్లు సరిచేసే డాక్టరు) దగ్గర క్లిప్పులు వేయించాం. నెలకోసారి రమ్మన్నారు. నౌపడా మీదుగా వెళ్లే ప్యాసింజరు ఎక్కితే పోను ఒక పూట, రాను ఒక పూట. మా ఆయన కొట్టు మూసుకుని రావాలి, పాప బడి మానాలి. కాబట్టి మధ్యలో చిన్న ఇబ్బంది వచ్చినా పరుగెత్తడం మా వల్ల కాదు.

మళ్లీ వెళ్లాల్సింది ఇంకా మూడు వారాల తర్వాత. ఈలోగా కుడివైపు కింద, చివరి దవడ పన్ను దగ్గర తీగ కొన గుచ్చుకుంటోంది. టార్చి వేసి చూశాను. క్లిప్పులు వేసిన రోజున ఆ కొన పన్నుకు అంటించిన చిన్న గొట్టంలోనే ఆగి ఉంది. ఇప్పుడు బియ్యపు గింజలో సగమంత బయటికొచ్చింది. అది తగిలే చోట బుగ్గ లోపల తెల్లటి పుండు, దాని చుట్టూ ఎరుపు. అన్నం నమలాలంటే పిల్లకు కన్నీళ్లొస్తున్నాయి. మా ఆడపడుచు నెయిల్ కట్టర్‌తో కత్తిరించెయ్యమంటోంది. నాకు చేయి రావడం లేదు. అసలు తీగ ఎందుకు బయటికొచ్చింది? ఏదైనా ఊడిందా?

ఇంకో సంగతి. క్లిప్పుల మధ్య శుభ్రం చేయడానికి వాటర్ ఫ్లాసర్ (సన్నటి నీటి ధార చిమ్మే పరికరం) కొనమని చాలామంది చెబుతున్నారు. మా వీధిలో పొద్దుగూకితే వోల్టేజీ పడిపోతుంది, ఫ్యాను తిరిగీ తిరగనట్టు ఉంటుంది. అలాంటి కరెంటుకు అది పనికొస్తుందా, స్టెబిలైజర్ పెట్టాలా? పిల్ల కోసం అన్నీ మెత్తగా రుబ్బి పెడుతున్నానేమో, మిక్సీ కూడా రాత్రిపూట మధ్యలో ఆగిపోతోంది. అది మిక్సీ లోపమా, కరెంటుదా?

మా చిన్నబాబుకు 8 ఏళ్లు. వాడికి ముందు పళ్ల మధ్య సందు ఉంది. పక్కింటావిడ ఆన్‌లైన్‌లో దొరికే సిలికాన్ పళ్ల సెట్టు కొనమంటోంది, రాత్రిపూట పెట్టుకుంటే చాలట. దాని గురించి కూడా తెలిసినవాళ్లు చెప్పండి. పిల్లల నోటి విషయం, ప్రయోగాలు చేయలేను.

పార్వతీపురం డెంటిస్టు:

అమ్మా, నేను బీడీఎస్ చేసినవాణ్ని, ఆర్థోడాంటిస్టును కాను. అయినా మీ ప్రశ్నకు జవాబు చెప్పగలను, ఎందుకంటే సరిహద్దు ఊళ్ల నుంచి ఇదే బాధతో మా దగ్గరికి పిల్లలు వస్తూనే ఉంటారు.

ముందు భయం వదిలేయండి. చాలావరకు ఏదీ ఊడి ఉండదు. కింది పళ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయన్నారు కదా, మొదట్లో తీగ ఆ వంకరల వెంట మెలికలు తిరిగి ఉంటుంది. పళ్లు వరుసలోకి వస్తున్న కొద్దీ మెలికలు పోతాయి, మిగిలిన తీగ వెనక గొట్టంలోంచి బయటికి జరుగుతుంది. అంటే వైద్యం పని చేస్తోందన్నమాట. ఒక్కోసారి సన్నటి గుండ్రటి తీగ మొత్తంగా ఒక పక్కకు జారిపోతుంది కూడా. ఎడమవైపు చివర చూడండి. అక్కడ గొట్టం ఖాళీగా ఉంటే జారినట్టే. ఆ సంగతి మీ డాక్టరు గారికి ఫోటోతో సహా చెప్పండి.

ఇప్పటికి చేయాల్సింది మైనం పెట్టడం. మందుల షాపులో ఆర్థోడాంటిక్ వాక్స్ అని అడగండి, లేకపోతే విశాఖ నుంచి కొరియర్‌లో తెప్పించుకోండి. పాప పళ్లు తోముకున్నాక ఆ చివరి పన్ను దగ్గర తడి లేకుండా శుభ్రమైన దూదితో అద్దండి. చాలామంది ఈ పని చేయరు, తడి మీద మైనం నిలవదు. పెసరగింజంత మైనం వేళ్ల మధ్య మెత్తబడేదాకా ఉండచేసి, కొన మీద పెట్టి నొక్కండి. తినేముందు తీసేయాలి, తిన్నాక కొత్తది పెట్టాలి. పొరపాటున మింగినా ఏం కాదు. తీగ మరీ సన్నగా ఉంటే పెన్సిల్ చివరి రబ్బరును వేడినీళ్లతో బాగా కడిగి, దానితో కొనను పన్ను వైపు మెల్లగా వంచి చూడొచ్చు. వంగకపోతే బలం పెట్టొద్దు.

నెయిల్ కట్టర్ మాట మాత్రం వద్దు. కట్ చేసిన ముక్క ఎగిరి గొంతులో పడితే కష్టం, తెగిన అంచు ఇంకా పదునుగా ఉంటుంది. మేం వాడే కట్టరు వేరు, తెగిన ముక్కను అదే పట్టి ఉంచుతుంది. గుణుపురంలోనే ఎవరైనా డెంటిస్టు ఉంటే వెళ్లి, విశాఖ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడించి ఆ కొన కత్తిరించమనండి. క్లిప్పులు వేయని డెంటిస్టయినా ఆ పని చేయగలరు, నిమిషంలో అయిపోతుంది. దీనికోసం విశాఖ దాకా వెళ్లక్కర్లేదు.

పుండుకు గోరువెచ్చటి గ్లాసు నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించమనండి. ఇంకో మాట. మొదట్లో వేసే తీగ సాధారణంగా నికెల్, టైటానియం కలిసిన లోహం. 1970ల్లో పళ్ల వైద్యంలోకి వచ్చింది. వేడికి బిగువు పెరుగుతుంది, చల్లదనానికి తగ్గుతుంది. అందుకే వేడివేడి టీ తాగితే పిల్లలు లాగుతోందంటారు, చల్లటి నీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉందంటారు. నొప్పి మాత్ర వేయాల్సి వస్తే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ మేలు. ఐబుప్రొఫెన్ లాంటివి ఎక్కువ రోజులు వాడితే పళ్ల కదలిక నెమ్మదించే వీలుంది.

బుగ్గ బయటికి వాచినా, జ్వరం వచ్చినా, ఏదైనా ముక్క మింగాక దగ్గు గానీ ఆయాసం గానీ వచ్చినా మూడు వారాలు ఆగకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

రాయగడ అక్క:

చెల్లీ, మా పెద్దవాడికి క్లిప్పులు తీసేశారు, రెండోదానికి నడుస్తోంది. డాక్టరు గారు చెప్పిన మైనం విషయం నూటికి నూరుపాళ్లు నిజం, తడి ఆరాకే పెట్టాలి. బడి బ్యాగులో ఒక చిన్న డబ్బా వేసి ఉంచు, క్లాసులో గుచ్చుకుంటే పిల్లే పెట్టుకుంటుంది. టీచరుకు కూడా ఒక మాట చెప్పి ఉంచు.

తిండి గురించి అంత బెంగ వద్దు. రోజూ రుబ్బి పెట్టక్కర్లేదు. తీగ బిగించిన మూడు నాలుగు రోజులే నొప్పి. అప్పుడు మన చద్దన్నాన్ని మించింది లేదు. ఒడియా వాళ్ల పఖాళ, పెరుగు వేసుకుని చల్లగా తింటే నోటికి సుఖం. రాగి అంబలి, ఇడ్లీ, పప్పన్నం, మెత్తగా ఉడికిన గుడ్డు. కానీ పఖాళలోకి బడిచురా (ఎండు మినప వడియాల పొడి) నలిపి ఇవ్వకు, ఆ పలుకులు బ్రాకెట్ల (తీగను పట్టి ఉంచేలా పళ్లకు అంటించిన బిళ్లల) చుట్టూ ఇరుక్కుంటాయి. మా ఇంట్లో అసలు గొడవ మామిడి తాండ్రతో వచ్చింది. విజయనగరం నుంచి మా అత్తగారు తెచ్చేవారు. పిల్ల ఏడ్చినా ఇవ్వలేదు, అది బ్రాకెట్‌ను పట్టి లాగేస్తుంది. మరమరాల ఉండలు, వేరుశనగ అచ్చులు, జంతికలు, చెరకు ముక్క, ఎండు కొబ్బరి కూడా అంతే. జామకాయ, ఆపిల్ కొరకనివ్వకుండా సన్నటి ముక్కలు కోసి దవడ పళ్లతో నమలమను.

బ్రష్ దగ్గర మాత్రం గట్టిగా ఉండు. బ్రాకెట్ పైన, కింద విడివిడిగా, బ్రష్ వాల్చి తోమాలి. తీగ కిందికి సీసాలు కడిగే బ్రష్‌లాగే ఉండే బుల్లి బ్రష్ దూర్చి తోమాలి, మందుల షాపులో ఇంటర్‌డెంటల్ బ్రష్ అంటే ఇస్తారు. సరిగ్గా తోమకపోతే క్లిప్పులు తీశాక ప్రతి పన్ను మీదా తెల్లటి మచ్చ మిగిలిపోతుంది. మా వీధిలో ఒక అమ్మాయికి అలాగే అయింది. అంత ఖర్చు పెట్టి, రెండేళ్లు ఓపిక పట్టి, చివరికి మచ్చల పళ్లంటే నాకైతే కడుపు తరుక్కుపోయింది. పేస్టు మీద ఫ్లోరైడ్ ఉందో లేదో చూసి కొను. ఉప్పు, బొగ్గు పొడులు వద్దు.

ముందే ఇంకొకటి చెబుతాను, అప్పటికి మరిచిపోతావు. క్లిప్పులు తీశాక రిటైనర్ ఇస్తారు. పళ్లు మళ్లీ పాత చోటికి పోకుండా పట్టేది అదే. దాన్ని మరుగునీళ్లలో వేయకూడదు, ప్లాస్టిక్ వంకరపోయి నోటికి పట్టదు. చల్లటి నీళ్లే. టిష్యూలో చుట్టి కంచం పక్కన పెడితే కంచంతో పాటే చెత్తబుట్టలోకి పోతుంది. డబ్బాలోనే పెట్టాలి. గుణుపురం ఎండల్లో బండి డిక్కీలో వదలకూడదు.

పర్లాకిమిడి ఎలక్ట్రీషియన్:

అక్కా, పళ్ల సంగతి నాకు తెలీదు, కరెంటు సంగతి చెబుతాను.

వాటర్ ఫ్లాసర్లలో రెండు రకాలు. ఛార్జింగ్‌ది చేతిలో పట్టుకునేది, గోడ ప్లగ్‌తో నడిచేది బల్ల మీద పెట్టేది. మీకు ఛార్జింగ్‌దే మంచిది. దాని అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉందేమో చూడండి. సెల్‌ఫోన్ ఛార్జర్లలో చాలావాటికి అలాగే ఉంటుంది. అలా ఉంటే మీ వోల్టేజీకి ఇబ్బంది లేదు, స్టెబిలైజర్ దండగ. పగలు ఛార్జ్ చేసి రాత్రి వాడుకోండి. స్నానాల గదిలో తడి ప్లగ్ దగ్గర మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు. మీది బోరు నీళ్లయితే గొట్టంలో తెల్లటి పొర కడుతుంది, వడకట్టిన నీళ్లు పోయండి.

మిక్సీ వేరు. వోల్టేజీ తగ్గితే మోటారుకు దమ్ము తగ్గుతుంది. జార్లో సరుకు గట్టిగా ఉంటే బ్లేడు ఆగిపోతుంది. తిరగకుండా ఆగిన మోటారులోకి కరెంటు ఎక్కువ పారి వేడెక్కుతుంది, అప్పుడు లోపలి రక్షణ స్విచ్ పడిపోతుంది. మిక్సీ తిరగేసి చూడండి, చాలావాటికి అడుగున ఎర్ర బటన్ ఉంటుంది. ప్లగ్ తీసి, కాసేపు చల్లారనిచ్చి అది నొక్కితే మళ్లీ పని చేస్తుంది. పగలు బాగా తిరిగి రాత్రే ఆగితే తప్పు మిక్సీది కాదు. జార్ సగానికి మించి నింపకండి, నీళ్లు ఎక్కువ పోయండి, లేదా సాయంత్రం కాకముందే రుబ్బుకోండి.

మీరు చెప్పని ఒక విషయం అడుగుతాను. ఫ్యాను నెమ్మదించినప్పుడు ఇంట్లో ఇంకో గదిలో లైటు మరీ ప్రకాశంగా వెలుగుతోందా? అలా అయితే అది తక్కువ వోల్టేజీ కాదు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వదులైంది. టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి. మెయిన్ ఆపేసి వెంటనే లైన్‌మన్‌ను పిలవండి. వీధి మొత్తం ఒకేలా డల్‌గా ఉంటే మాత్రం నలుగురూ కలిసి కరెంటు ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నోటిమాటకు ట్రాన్స్‌ఫార్మర్ మార్చరు. ఫ్రిజ్‌కు మాత్రం స్టెబిలైజర్ కావాలో వద్దో దాని వెనక లేబుల్ మీద రాసి ఉన్న వోల్టేజీ చూసి చెప్పాలి. ఆ ఫోటో పెట్టండి.

గుణుపురం అమ్మ:

మీ ముగ్గురికీ చాలా థాంక్స్. తమ్ముడూ, వీధి అంతా ఒకేలా డల్‌గా ఉంటోంది, లైట్లు ఎక్కడా ప్రకాశంగా లేవు. మిక్సీ అడుగున ఎర్ర బటన్ ఉంది, నొక్కితే తిరిగింది. ఫ్రిజ్ లేబుల్ ఫోటో రేపు పగటి వెలుగులో తీసి పెడతాను.

డాక్టర్ గారూ, ఎడమవైపు గొట్టం ఖాళీగా లేదు, తీగ కొన లోపలే కనిపిస్తోంది. అంటే జారలేదు కదా? రేపు ఇక్కడి డెంటల్ క్లినిక్‌కు తీసుకెళ్తాను. చిన్నబాబు సంగతి ఎవరూ చెప్పలేదు.

పార్వతీపురం డెంటిస్టు:

జారలేదమ్మా, పళ్లు సర్దుకుంటూ తీగ వెనక్కి వచ్చింది. రేపు కత్తిరించాక వేలితో తడిమి, ఇంకా గరుకుగా తగిలితే అక్కడే చెప్పండి, వాళ్లు వంచి పంపుతారు.

చిన్నబాబుకు ఆ సిలికాన్ సెట్టు కొనకండి. 8 ఏళ్ల వయసులో పై ముందు పళ్ల మధ్య సందు చాలామంది పిల్లలకు మామూలే, కోరపళ్లు దిగేసరికి చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. కొందరు సందు మూయడానికి రెండు పళ్లకూ కలిపి రబ్బరు బ్యాండ్ వేస్తారు, అది అసలు చేయకూడదు. పన్ను వేరు వైపు సన్నబడుతుంది కదా, బ్యాండ్ చిగురు కిందికి జారి కనిపించకుండా పోతుంది, ఎముకను తినేసి పన్ను ఊడేదాకా తెస్తుంది. ఎలాగూ పాపకోసం విశాఖ వెళ్తున్నారు, ఈసారి బాబును కూడా వెంట తీసుకెళ్లి చూపించండి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే రుషికొండలో గీతం, సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీలున్నాయి. డెంటల్ కాలేజీల్లో పీజీ చదివే డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, మామూలుగా ప్రైవేటు క్లినిక్‌ల కంటే తక్కువే అవుతుంది. కాకపోతే కూర్చోబెట్టే సమయం ఎక్కువ, రైలు వేళ చూసుకుని వెళ్లండి.

రాయగడ అక్క:

చెల్లీ, ఇద్దరికీ ఒకే రోజు చూపించేలా ముందే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకో. పాప పాత ఎక్స్‌రేలు, నోటి అచ్చు తీసినప్పటి కాగితాలు ఒక ఫైల్లో వేసి తీసుకెళ్లు.