రికీ లాంబర్ట్: కింది లీగుల్లో గడిచిన ఆ ఏళ్లన్నీ వృథాయేనా?

సాగర్_రెడింగ్:
ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు లాంబర్ట్ గురించి ఎవరు రాసినా ఒకటే కథ. బీట్‌రూట్ ఫ్యాక్టరీలో రోజుకు 20 పౌండ్లకు సీసాల మూతలు బిగించిన కుర్రాడు ఇంగ్లండ్‌కి ఆడాడు, ఎంత గొప్పో చూడండి అని. నాకైతే అది చదివితే ఒళ్లు మండుతుంది. పదేళ్ల వయసులో లివర్‌పూల్ క్లబ్ అకాడమీలో (పిల్లలకి శిక్షణ ఇచ్చే విభాగం) చేరాడు, 15 ఏళ్లకు పంపించేశారు. తర్వాత బ్లాక్‌పూల్ కూడా వదిలేసింది. మాకిల్స్‌ఫీల్డ్, స్టాక్‌పోర్ట్, రోచ్‌డేల్, బ్రిస్టల్ రోవర్స్ అని చిన్న క్లబ్బులు తిరిగి తిరిగి, సౌతాంప్టన్ జట్టుతో అన్నిటికంటే పై లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో అడుగు పెట్టేసరికి 30 ఏళ్లు. అది 2012. ఆ సీజన్‌లోనే 15 గోల్స్ కొట్టాడు. అంటే ఆట ముందు నుంచీ ఉంది, చూసేవాడే లేడు. ఆ ఏళ్లు వృథా అయ్యాయి, చేసింది అకాడమీల వాళ్లు. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

మాజీ_వింగర్:
సాగర్ గారూ, నేను ఒప్పుకోను. 22 ఏళ్ల లాంబర్ట్‌ని మీరు చూసి ఉంటే మీరూ తీసుకునేవారు కాదు. మొదట్లో మిడ్‌ఫీల్డ్‌లో ఆడించేవాళ్లు. వేగం లేదు. గోల్‌కి వీపు పెట్టి డిఫెండర్‌ని ఆపి బంతిని దింపుకోవడం, పక్కవాడికి అందించడం, ఇవన్నీ బురద గ్రౌండ్లలో పెద్దవాళ్ల మోచేతులు తిని నేర్చుకున్నవి. అకాడమీ పచ్చికలో అవి రావు. కింది లీగులే ఆయన్ని తయారుచేశాయి.

లెక్కల_మాస్టారు:
ఆ 15లో పెనాల్టీలు ఎన్ని?

సాగర్_రెడింగ్:
పెనాల్టీ అయినా కొట్టాలి కదండీ. సౌతాంప్టన్‌కి వరుసగా 30కి పైగా పెనాల్టీలు కొట్టాడు, మధ్యలో ఒక్కటీ పోలేదు. సరే, ఆ సంగతి పక్కన పెట్టి అంతకుముందు ఏళ్లు చూడండి. 2008-09లో లీగ్ వన్‌లో (పై నుంచి మూడో డివిజన్) 29 గోల్స్. మరుసటి ఏడు 30. 2011-12లో ఛాంపియన్‌షిప్‌లో (రెండో డివిజన్) 27. ఏ డివిజన్‌లో పెడితే అక్కడ పైన నిలబడ్డాడు. బ్రిస్టల్ రోవర్స్‌కి ఆ 29 కొట్టినా పై క్లబ్బులు కదల్లేదు. 2009లో తీసుకున్నది ఎవరు? అప్పుల్లో మునిగి లీగ్ వన్‌కి పడిపోయి, పది పాయింట్లు కోత పడిన సౌతాంప్టన్.

లలిత_బ్రిస్టల్:
నేను ఉండేది బ్రిస్టల్‌లో. మీ 'వృథా' అన్న మాట నాకు గుచ్చుకుంది సాగర్ గారూ. 2008 ఫిబ్రవరిలో ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ టోర్నీ) ఐదో రౌండ్‌లో రోవర్స్ 1-0తో గెలిచింది. చివరి నిమిషాల్లో ఆ ఫ్రీకిక్ కొట్టింది లాంబర్టే. ఓడింది ఎవరో తెలుసా? సౌతాంప్టన్. మా ఆఫీసులో ఒకాయన ఇప్పటికీ ఆ రోజు గురించి చెప్తూ ఉంటే కళ్లు తుడుచుకుంటాడు. ఆయనకు అది వృథా కాదు.

మాజీ_వింగర్:
ఇంకో సంగతి. 2009లో సౌతాంప్టన్‌కి వచ్చినప్పుడు ఆయన ఫిట్‌గా లేడు. మేనేజర్ పార్డ్యూ మొహం మీదే చెప్పి, ఒళ్లు తగ్గించాడు. ఆ సాయాన్ని లాంబర్టే తర్వాత ఒప్పుకున్నాడు. 27 ఏళ్లొచ్చాక ఇంకొకరు చెప్తే గానీ తిండి సంగతి తెలియలేదంటే అకాడమీల తప్పెలా అవుతుంది?

సాగర్_రెడింగ్:
ఆ క్లబ్బుల్లో చెప్పేవాడు ఎవడున్నాడు? పై లీగుల్లో పిల్లలకి 16 ఏళ్ల నుంచే డైటీషియన్ చెప్తాడు.

మాజీ_వింగర్:
మాకు డైటీషియన్ కాదు, ఒక్కోసారి బంతే ఉండేది కాదు. వరంగల్‌లో మా కాలేజీ టీంకి 20 మందిమి, మంచి బూట్లు నాలుగు జతలు. యూనివర్సిటీ సెలెక్షన్‌కి నా పేరు రాసి, చివరి రోజు కొట్టేసి, సెలెక్టర్‌కి తెలిసినవాళ్ల అబ్బాయి పేరు రాశారు. నేను ఎవరి మీదా ఏడవలేదు. మీలాంటి వాళ్లు అన్నీ అమర్చి ఇచ్చి, పిల్లాడు ఒక్క మెట్టు జారితే వ్యవస్థ మొత్తాన్ని తిడతారు.

సాగర్_రెడింగ్:
'మీలాంటి వాళ్లు' ఏంటి? నా గురించి మీకేం తెలుసు?

కొత్త_సభ్యుడు:
అన్నా, ఇద్దరూ కాస్త ఆగండి.

లెక్కల_మాస్టారు:
2014లో లివర్‌పూల్ 40 లక్షల పౌండ్లు పెట్టి వెనక్కి తెచ్చుకుంది. లీగ్‌లో రెండే గోల్స్. ఆయన స్థాయి అంతేనేమో, అదీ ఆలోచించండి.

సాగర్_రెడింగ్:
అప్పటికి 32 ఏళ్లండీ! పుట్టింది లివర్‌పూల్ పక్కనే కిర్క్‌బీలో, చిన్నప్పటి నుంచి కలగన్న జెర్సీ అది. కాళ్లు అలిసిపోయాక చేతిలో పెట్టారు. నేను వృథా అంటున్నది దాన్నే.

సరే, చెప్పేస్తాను. మా అబ్బాయిని మే నెలలో అకాడమీ నుంచి తీసేశారు. క్లబ్ పేరు అనవసరం. ఎనిమిదేళ్ల వయసు నుంచి వారానికి మూడు సాయంత్రాలు నేనే కారులో దింపేవాణ్ని. పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు, ఒక కాగితం ఇచ్చారు. వాడికి 15 ఏళ్లు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వారం ముగ్గురు నాకు లాంబర్ట్ కథ పంపించారు, వాడికి చూపించమని. నేను చూపించలేదు.

మాజీ_వింగర్:
సాగర్ గారూ, తెలియక అన్నాను. క్షమించండి.

అయినా ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. అకాడమీ వాళ్లు పొరపాటు చేశారని మీరు నమ్మితే, వాడు కూడా ఎవరో వచ్చి ఆ పొరపాటు దిద్దుతారని ఎదురుచూస్తూ కూర్చుంటాడు. రోచ్‌డేల్‌లో లాంబర్ట్ పక్కన ఆడిన గ్రాంట్ హోల్ట్‌ని తీసుకోండి. ఆయనా కింది నుంచే వచ్చాడు. 2011-12లో నార్విచ్ క్లబ్‌కి ప్రీమియర్ లీగ్‌లో 15 గోల్స్ కొట్టాడు, లాంబర్ట్ మరుసటి ఏడు కొట్టినన్నే. ఇంగ్లండ్ జట్టు ఒక్కసారి కూడా పిలవలేదు. లాంబర్ట్‌కి మాత్రం 2013లో లండన్ వెంబ్లీ స్టేడియంలో స్కాట్లండ్ మీద ఇంగ్లండ్‌కి ఆడినప్పుడు మొదటిసారి బంతి తలకి తగలగానే గోల్ పడింది. మరి హోల్ట్ బతుకు వృథానా? పైకి వెళ్తేనే లెక్క అంటే, ఆ కింది డివిజన్లలో జీవితమంతా ఆడి రిటైర్ అయ్యే వందల మంది ఏమైపోవాలి?

సాగర్_రెడింగ్:
వాళ్లని నేను తక్కువ చేయడం లేదు. ఆ ఎదురుచూపు నా కొడుక్కి వద్దంటున్నాను. పదిహేనేళ్లు ప్రతి వేసవిలో కాంట్రాక్ట్ ఉంటుందో ఉండదో అన్న టెన్షన్. చదువుకోమంటున్నాను. అది తప్పా?

మాజీ_వింగర్:
చదువుకోమనడం తప్పు కాదు. ఆట ఆపమంటున్నారా?

లలిత_బ్రిస్టల్:
బాబు ఏమంటున్నాడు సాగర్ గారూ? ఇంతసేపూ మీ మాటే విన్నాం.

సాగర్_రెడింగ్:
నిన్న రాత్రి అడిగాడమ్మా. వాళ్ల స్కూల్ పిల్లలు కొందరు ఆదివారం పూట మా పక్కన పార్కులో ఒక చిన్న క్లబ్‌కి ఆడతారు. మిడ్‌ఫీల్డ్‌లో ఒకరు తక్కువయ్యారట. వెళ్లనా అన్నాడు. మే తర్వాత బూట్లు బయటికి తీయడం అదే మొదటిసారి.

నేను ఇంకా సరే అనలేదు.