రాచెట్ బెల్టు బిగుసుకుపోయింది, హ్యాండిల్ తెరిచినా వదలడం లేదు

ప్రశ్న:
నమస్కారమండి. ట్రాలీ మీద బైకును రాచెట్ బెల్టులతో (హ్యాండిల్ ఆడిస్తూ బిగించే పట్టీలతో) కట్టి తెచ్చాం. మూడు బెల్టులు సులువుగానే వచ్చేశాయి. ముందు చక్రం వైపున్న నాలుగోది మాత్రం వదలడం లేదు. హ్యాండిల్ తెరిచి, మిగులు కొస పట్టుకుని ఇద్దరం లాగాం. కదల్లేదు. రాచెట్ లోపలి ఇరుసు మీద బెల్టు లావుగా చుట్టుకుని ఉంది. కోసేయడమేనా, వేరే దారి ఉందా?

జవాబు:
కోయకండి. బిగువు మీదున్న బెల్టును అసలు కోయకూడదు, తెగిన కొస కొరడాలా వచ్చి తగులుతుంది.

ముందు బండి సంగతి చూడండి. ఇప్పుడు ఒక్క బెల్టే దాన్ని పట్టి ఉంచింది, అది వదలగానే ముందు ఫోర్కులు పైకి లేచి బండి ఎటైనా ఒరగొచ్చు. అవతలి వైపు ఇంకో బెల్టు వదులుగా తగిలించండి. తర్వాత ఒకరు హ్యాండిల్‌బార్‌ను కిందికి గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఫోర్కులు కుంగితే బెల్టు బిగువు తగ్గుతుంది, సగం పని అక్కడే అయిపోతుంది.

ఇక రాచెట్. హ్యాండిల్‌లో ఉండే స్ప్రింగ్ పట్టీని వేళ్ళతో లాగి, వదలకుండా పట్టుకునే, హ్యాండిల్‌ను పూర్తిగా 180 డిగ్రీలు, అంటే రాచెట్ మొత్తం బల్లపరుపుగా అయ్యేదాకా తెరవండి. చివర్లో ఏదో అడ్డం తగిలి ఆగినట్టు అనిపిస్తుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. అది దాటితేనే పళ్ళచక్రాన్ని ఆపే రెండో ఇనుప నాలుక పైకి లేచి, ఇరుసు వెనక్కి తిరుగుతుంది.

అప్పుడు కూడా మిగులు కొసను లాగొద్దు. అది చుట్ల మధ్య నలిగి ఉంటుంది. బండి వైపున్న బెల్టును పట్టుకుని కుదుపుతూ లాగండి, ఇరుసు తిరిగి చుట్లు వాటంతటవే విప్పుకుంటాయి.

అప్పటికీ రాకపోతే బెల్టు అంచు పక్క రేకుకూ చుట్టకూ మధ్య ఇరుక్కున్నట్టు. మొద్దు స్క్రూడ్రైవర్‌తో ఆ అంచును మధ్యకి నెట్టండి. ఇది బిగువు పూర్తిగా పోయాకే చేయాలి, వేళ్ళు లోపల పెట్టకూడదు.

ప్రశ్న అడిగినవారు:
వచ్చేసిందండి, చాలా థాంక్స్! బండి వైపు నుంచి లాగాక నాలుగైదు కుదుపులకే వదిలింది. అంచు కొంచెం నలిగింది. మళ్ళీ వాడొచ్చా? రాచెట్‌కు డబ్ల్యూడీ-40 కొట్టాలా?

జవాబు:
పైపైన నూగు లేస్తే పర్వాలేదు. అంచున కోత పడినా, కుట్లు ఊడినా, వేడికి కరిగి గట్టిపడినా ఆ బెల్టును పక్కన పడేయండి. ముడి వేసో, మళ్ళీ కుట్టించో వాడొద్దు. రాచెట్ పక్క రేకు వంగినా అంతే.

డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికి బాగుంటుంది. అది అయ్యాక తుడిచేసి, ఇరుసు చివర్లకూ నాలుకలకూ సిలికాన్ లాంటి పొడి లూబ్రికెంట్ కొద్దిగా పెట్టండి. తడి నూనె ఇసుకను పట్టుకుంటుంది. బెల్టు గుడ్డకు మాత్రం ఏదీ తగలనివ్వొద్దు. మురికైతే సబ్బు నీళ్ళతో కడిగి నీడన ఆరేయండి, ఎండ పాలిస్టర్‌ను బలహీనం చేస్తుంది.

అసలు ఇలా ఇరుక్కోవడానికి కారణం తుప్పు కంటే ఎక్కువగా మిగులు బెల్టే. వదులంతా చేత్తో లాగేయకుండా హ్యాండిల్ కొట్టడం మొదలుపెడితే ఆ వదులంతా ఇరుసు మీదికి చేరి రేకుల మధ్య కూరుకుపోతుంది. బెల్టును మెలి లేకుండా, ఇరుసులోని గాడికి సరిగ్గా మధ్యలో దూర్చి, ముందు చేత్తో బిగుతుగా లాగండి. ఆ తర్వాత కొడితే ఇరుసు మీద కనీసం ఒకటిన్నర చుట్టు పడాలి, మూడు దాటకూడదు. ఒకటిన్నర కంటే తక్కువైతే జారే ప్రమాదం ఉంది.

మరో సభ్యుడు:
ఒక్క మాట కలుపుతాను. బిగించేటప్పుడు హ్యాండిల్‌కు పైపు తొడగడం దయచేసి మానండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 12195-2 ప్రకారం తయారైన బెల్టు లేబుల్ మీద ఎస్‌హెచ్‌ఎఫ్ అని చేతి బలం రాసి ఉంటుంది, మామూలుగా 50 డెకాన్యూటన్లు, దాదాపు 50 కిలోల లాగుడు. రాచెట్‌ను అంత బలానికే తయారుచేస్తారు. పైపు వేస్తే పళ్ళు అరుగుతాయి, రేకు వంగుతుంది, విప్పేటప్పుడు నాలుక లేవదు. ఇంకా బిగువు కావాలంటే ఇంకో బెల్టు వేయండి.