సబ్జెక్ట్: పెద్ద పెద్ద సీఈఓల కథల్లో మనకు పనికొచ్చేది ఏముంది? (కొత్తగా ఉద్యోగంలో చేరాను)

అందరికీ నమస్తే. ఎమ్మెస్ పూర్తి చేసి ఈ మధ్యే ఇక్కడ అమెరికాలో ఉద్యోగంలో చేరాను. పని బాగా చేస్తున్నానని మేనేజర్ అంటారు కానీ, మొదటి రివ్యూలోనే "లీడర్‌షిప్ ఇంకా కనబడాలి" అని రాశారు. నిజమే, మీటింగుల్లో నేను పెద్దగా మాట్లాడను. ఇంట్లోవాళ్లేమో మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్లను చూడు, గూగుల్ సుందర్ పిచాయ్‌ను చూడు అంటూ రోజూ వీడియోలు పంపిస్తున్నారు. అవి చూస్తే ఉత్సాహం రావడం మాట అటుంచి టెన్షన్ పెరుగుతోంది. వాళ్ల జీవితాల్లో నాలాంటివాడికి పనికొచ్చేది నిజంగా ఏమైనా ఉందా? సీనియర్లు కాస్త చెప్పండి.

రీ: పెద్ద పెద్ద సీఈఓల కథల్లో...

తమ్ముడూ, ఆ వీడియోలతో వచ్చిన చిక్కేమిటంటే అవి చివరి నుంచి మొదలవుతాయి. ముందు సీఈఓ కుర్చీ చూపించి తర్వాత చిన్నతనంలోకి తీసుకెళ్తాయి. అప్పుడు వాళ్లు తుమ్మినా దగ్గినా నాయకత్వ లక్షణంలాగే ఉంటుంది మరి. నువ్వు వేరేగా చదువు. వాళ్లింకా ఎవరూ కాని రోజుల్లో పక్కన ఎవరున్నారు, ఆ పక్కనున్నవాళ్లు ఏం చేశారు అన్నది చూడు. అసలు సరుకంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఇంద్రా నూయీ సంగతే తీసుకో. 1978లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో చదవడానికి వచ్చారు. చేతిలో డబ్బు లేదు. హాస్టల్లో అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా రిసెప్షన్‌లో కూర్చునేవారు, ఆ షిఫ్టుకి గంటకి ఇంకాస్త ఎక్కువ ఇస్తారని. ఇంటర్వ్యూ కోసం ఓ చవక సూట్ కొన్నారు. అది ఒంటికి సరిపోలేదు, చూసినవాళ్లంతా అదోలా చూశారు. ఏడ్చుకుంటూ కాలేజీలో ఉద్యోగాల వ్యవహారం చూసే ఆవిడ దగ్గరికి వెళ్తే, ఇండియాలో అయితే ఏం వేసుకుని వెళ్లేదానివి అని ఆవిడ అడిగారు. చీర అన్నారు ఈవిడ. అయితే తర్వాతి ఇంటర్వ్యూకి అదే కట్టుకెళ్లు అన్నారావిడ. కట్టుకెళ్లారు, పని దొరికింది.

ఈ కథ చెప్పేవాళ్లు "మనం మనలా ఉండాలి" అని ముగిస్తారు. నాకు అందులో నచ్చేది అది కాదు. నూయీ ఆ అవమానాన్ని గదిలో దాచుకుని కూర్చోలేదు, వెళ్లి ఒకరికి చూపించారు. ఆ ఒకరు ఉపన్యాసం ఇవ్వలేదు, ఒక్క ప్రశ్న అడిగి దారి చూపించారు. ఆ గదిలో లీడర్ ఎవరంటే నేను ఆవిడ పేరే చెబుతాను, నూయీ పేరు కాదు. పెప్సికోకి నూయీ సీఈఓ అయింది 2006లో. మధ్యలో 28 ఏళ్లు గడిచాయి.

నాదెళ్ల చెప్పే క్రికెట్ కథ కూడా ఇలాంటిదే. స్కూల్ టీమ్‌లో ఆఫ్ స్పిన్ వేసేవారు. ఒక మ్యాచ్‌లో ఏది వేసినా బ్యాట్స్‌మన్ బాదేస్తున్నాడు. కెప్టెన్ బంతి తీసుకుని తనే వేసి వికెట్ తీశాడు. తీసినవాడు ఊపు మీద ఇంకో ఓవర్ వేసుకోవచ్చు కదా, బంతి మళ్లీ ఇతని చేతిలోనే పెట్టాడు. ఆ తర్వాత ఇతనికి వికెట్లు పడ్డాయి. ఎందుకిచ్చావని తర్వాత అడిగితే, నీ నమ్మకం పోగొట్టడం ఇష్టంలేక అని ఆ కుర్రాడి జవాబు. వాళ్లిద్దరూ స్కూలు పిల్లలే అప్పటికి! నీకు రేపు ఒక ఇంటర్న్‌ని అప్పగిస్తారు. అతని కోడ్ బాగా లేకపోతే నువ్వు రాత్రికి రాత్రి సరిచేసేస్తావు, మనవాళ్లందరం అంతే. సరిచేశాక ఆ పని తిరిగి అతని చేతిలో పెట్టగలవా? రివ్యూలో వాళ్లు అడుగుతున్న లీడర్‌షిప్‌లో సగం ఇదే.

ఇక నువ్వు అడిగిన నోరు విప్పే విషయం. 2014 ఫిబ్రవరిలో నాదెళ్ల సీఈఓ అయ్యారు. అదే ఏడాది అక్టోబర్‌లో కంప్యూటర్ రంగంలో పనిచేసే మహిళల సదస్సుకి వెళ్లారు. జీతం పెంచమని అడగడానికి మొహమాటపడే ఆడవాళ్లకి మీ సలహా ఏమిటని వేదిక మీద అడిగారు. అడగక్కర్లేదు, వ్యవస్థే సరైన సమయంలో ఇస్తుందని నమ్మండి, అది మంచి కర్మ అన్న ధోరణిలో చెప్పారు. పెద్ద గొడవైంది. ఆ రోజే ఉద్యోగులందరికీ మెయిల్ రాశారు: ఆ ప్రశ్నకి నేనిచ్చిన జవాబు పూర్తిగా తప్పు, జీతం పెరగాలని మీకు అనిపిస్తే అడగండి, అంతే అని. అది పదవిలోకి వచ్చిన తొలి ఏడాదని గుర్తుంచుకో. "నా మాటల్ని వక్రీకరించారు" అనేసి తప్పించుకోవచ్చు, అనలేదు.

మనం పెరిగిందే "తలవంచుకుని పని చేసుకో, గుర్తింపు దానంతటదే వస్తుంది" అన్న మాట వింటూ. నాదెళ్ల వేదిక మీద చెప్పింది కూడా దాదాపు అదే. సాయంత్రానికి దాన్ని ఆయనే వెనక్కి తీసుకున్నారు. ఇంట్లోవాళ్లు పంపే వీడియోల్లో ఈ ముక్క ఉండదు.

రీ: రీ: పెద్ద పెద్ద సీఈఓల కథల్లో...

పైన అక్క రాసినదంతా ఒప్పుకుంటాను గానీ ఒక మాట కలపాలి. నాదెళ్ల నాన్నగారు ఐఏఎస్ అధికారి. చదివింది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. అడోబ్ శంతను నారాయణ్, ఇప్పుడు ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడుగా ఉన్న అజయ్ బంగా చదివింది కూడా అక్కడే. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం లేదు. కానీ మొదలుపెట్టిన చోటు లెక్కలోకి తీసుకోకుండా "వాళ్లు చేశారుగా, నువ్వెందుకు చేయలేవు" అంటే అది అన్యాయం. అలాగని ఇదే కొలత పట్టుకుని మనం చేతులు కట్టుకుని కూర్చోకూడదు కూడా. పిచాయ్ ఇంట్లో అంత డబ్బు లేదు. అతన్ని అమెరికా పంపే విమానం టికెట్‌కే నాన్నగారి ఏడాది జీతమంత ఖర్చయిందట.

బాబూ, నీకు కావాలంటే పిచాయ్ పని చరిత్ర చూడు. 2004లో గూగుల్‌లో చేరితే మొదట చేతికొచ్చింది బ్రౌజర్‌లో పెట్టుకునే టూల్‌బార్. గొప్పలు చెప్పుకునే ప్రాజెక్టేం కాదది. దాని మీద పనిచేస్తూనే సొంత బ్రౌజర్ ఉండాలన్న వాదన మొదలుపెట్టారు, 2008లో క్రోమ్ వచ్చింది. సీఈఓ అయింది 2015లో. మనకిచ్చిన పని చిన్నదని మొహం మాడ్చుకునేవాళ్లని నేను చాలామందిని చూశాను. ఆ చిన్న పని ఎవరికి ఎందుకు కావాలో వాళ్లలో ఎక్కువమంది ఎప్పుడూ అడగలేదు.

రీ: రీ: రీ: పెద్ద పెద్ద సీఈఓల కథల్లో...

ఒక చిన్న హెచ్చరిక. నాదెళ్ల గ్రీన్ కార్డ్ కథ కూడా ఎవరో ఒకరు నీకు పంపిస్తారు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ల భార్యలు వీసా కోసం ఏళ్లకేళ్లు ఆగాలని, 1994లో ఢిల్లీ ఎంబసీకి వెళ్లి తన కార్డు తిరిగిచ్చేసి హెచ్-1బీ ఉద్యోగ వీసా తీసుకున్నారు, భార్యని తెచ్చుకోవడానికి. ఆఫీసులో చాలాకాలం "గ్రీన్ కార్డ్ వదులుకున్నవాడు" అనే చెప్పుకున్నారట. చదవడానికి బాగుంటుంది. కానీ ఆ కాలం వేరు, ఆ క్యూలు వేరు. వీసా నిర్ణయాలు ఎవరి జీవిత కథ చూసీ తీసుకోకు, లాయర్‌ని అడుగు.

రీ: రీ: రీ: రీ: పెద్ద పెద్ద సీఈఓల కథల్లో...

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, ఒక్కటి అడుగుతాను. మేనేజర్‌తో వచ్చేవారం వన్-ఆన్-వన్ ఉంది. అసలు ఏమని అడగాలి? అడిగితే చేతకానివాడినని అనుకుంటారేమోనని భయంగా ఉంది.

రీ: రీ: రీ: రీ: రీ: పెద్ద పెద్ద సీఈఓల కథల్లో...

తమ్ముడూ, "నాలో లీడర్‌షిప్ లేదా?" అని మాత్రం అడగకు. దానికి ఎవరూ సూటిగా జవాబు చెప్పరు, "ఉంది, ఇంకా పెంచుకో" అని పంపించేస్తారు. "ఈ మధ్య ఏ మీటింగ్‌లో నేను మాట్లాడి ఉంటే బాగుండేదని మీకు అనిపించింది?" అని అడుగు. ఒక్క మీటింగ్ పేరు బయటికొస్తే చాలు, మిగతాది దాని చుట్టూనే మాట్లాడుకోవచ్చు. నేను టీమ్‌ని చూసుకుంటున్నాను కాబట్టి చెబుతున్నా, ఇలా అడిగినవాళ్లని చేతకానివాళ్లని ఎవరూ అనుకోరు. మాకు సగం శ్రమ తగ్గుతుంది.

మీటింగ్ సంగతికొస్తే, అజెండా ముందురోజే చూసి ఒక ప్రశ్న రాసుకో. మొదట్లోనే అడిగెయ్. చివరిదాకా ఆగావా, గొంతు ఇంకా బిగుసుకుపోతుంది, ఈలోగా అదే ప్రశ్న ఇంకెవరో అడిగేస్తారు. మధ్యలో ఎవరైనా మాట కోస్తే "ఒక్క నిమిషం, ఇది పూర్తి చేస్తాను" అను, నవ్వుతూనే. కొత్తలో గుండె దడదడలాడుతుంది, ఆడనీ.

ఇంకొకటి, ఆ రివ్యూలో రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టు, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు. ఈ లిస్టులో మేనేజర్లుగా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఏ మాట ఊరికే అలవాటుగా రాస్తారో, ఏది నిజంగా పట్టించుకోవాల్సిందో వాళ్లు చెబుతారు.