చర్చ: నిరుద్యోగ రేటు తగ్గిందంటే దేశం బాగుపడ్డట్టేనా?

కొత్తసందేహం:
రేటు కాస్త తగ్గగానే ప్రభుత్వాలు చంకలు గుద్దుకుంటాయి, పెరిగితే ప్రతిపక్షాలు గొంతు చించుకుంటాయి. ఒక్క అంకె చూసి దేశంలో పనులు దొరుకుతున్నాయో లేదో చెప్పేయొచ్చా? నాకైతే నమ్మకం లేదు.

అంకెలరాయుడు:
అసలు ఆ అంకెను పట్టించుకోవడమే దండగ. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వచనం ప్రకారం, సర్వే అడిగే వారంలో కూలికో లాభానికో ఒక్క గంట పనిచేసినా మీకు ఉపాధి ఉన్నట్టే లెక్క. వారానికి గంట! దాంతో ఎవరి కడుపు నిండుతుంది?

నిదానం:
రాయుడు గారూ, ఆ గంట మీద అందరూ మండిపడతారు గానీ దానికో కారణం ఉంది. ఆ గంటలో తయారైనది జీడీపీలో కలుస్తుంది. పని చేసిన మనిషిని మాత్రం వదిలేస్తే రెండు లెక్కలూ పొసగవు.

తిరకాసంతా హారంలో ఉంది. నిరుద్యోగుల సంఖ్యను భాగించేది మొత్తం జనాభాతో కాదు. పనిలో ఉన్నవాళ్లు, పని వెతుకుతున్నవాళ్లు కలిసిన శ్రామిక శక్తితో. 90 మందికి పని ఉంది, 10 మంది వెతుకుతున్నారు అనుకోండి. రేటు 10 శాతం. వెతికి వెతికి విసిగిపోయి నలుగురు మానేశారు. ఇప్పుడు 96లో 6, అంటే 6.25 శాతం. ఒక్క కొత్త ఉద్యోగం రాలేదు, రేటు మాత్రం దిగింది.

తిరగేసి చూడండి. పనులు దొరుకుతున్నాయని విని, మొదటి 10 మందికి తోడు మరో ఐదుగురు వెతకడం మొదలుపెట్టారు. వాళ్లందరిలో ఇద్దరికి దొరికింది. పనిలో 92, వెతుకులాటలో 13. రేటు 12.4 శాతం! పరిస్థితి మెరుగవుతుంటే అంకె ఎక్కింది.

అంకెలరాయుడు:
మరి నేను మొత్తుకుంటున్నదీ అదేగా.

నిదానం:
కాదండీ. మీరు పారేయమంటున్నారు, నేను పక్కన ఇంకో అంకె పెట్టుకుని చూడమంటున్నాను. పైన మొదటి ఉదాహరణలో పనిలో ఉన్నవాళ్లు 90 దగ్గరే ఉన్నారు. జనాభాలో ఎంతమంది పనిలో ఉన్నారో చెప్పే ఉపాధి-జనాభా నిష్పత్తి చూస్తే ఆ గుట్టు బయటపడుతుంది. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ అయితే ఏకంగా యూ-1 నుంచి యూ-6 దాకా ఆరు కొలతలు ఇస్తుంది. వార్తల్లో వచ్చేది యూ-3. వెతకడం మానేసినవాళ్లలో కొందరినీ, పూర్తికాలం పని దొరక్క పార్ట్‌టైమ్‌తో సరిపెట్టుకునేవాళ్లనూ కలిపేది యూ-6. ఇది ఎప్పుడూ పెద్దదే. రెండింటి మధ్య దూరం పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది చూడాలి.

పాతలెక్కలు:
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోవద్దు. ఈ రేటు ఆలస్యంగా కదులుతుంది, దాన్నీ గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో 2007 డిసెంబరులో మొదలైన మాంద్యం 2009 జూన్‌తో ముగిసిందని తేల్చారు. నిరుద్యోగం మాత్రం అదే ఏడాది అక్టోబరులో 10 శాతానికి చేరి, అప్పుడుగానీ తగ్గుముఖం పట్టలేదు. ఆర్డర్లు పెరగగానే యజమాని కొత్తవాళ్లను తీసుకోడు. ముందు ఉన్నవాళ్లతోనే ఎక్కువ గంటలు చేయిస్తాడు. గిరాకీ నిలబడుతుందని ధైర్యం వచ్చాకే నియామకాలు. కాబట్టి ముందు హెచ్చరిక కావాలంటే ప్రతి వారం కొత్తగా నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేసేవాళ్ల సంఖ్య మీద కన్నేయండి.

అంకెలరాయుడు:
సరే, ఉపాధి నిష్పత్తే గొప్పదనుకుందాం. ముసలివాళ్లు పెరిగినా, పిల్లలు ఎక్కువ కాలం చదువుకున్నా అదీ పడిపోతుంది కదా? అప్పుడు ఉద్యోగాలు లేవని టెన్షన్ పడాలా?

నిదానం:
మంచి ప్రశ్న. అందుకే 25 నుంచి 54 ఏళ్ల వాళ్ల నిష్పత్తి విడిగా చూస్తారు. చదువు, రిటైర్మెంట్ రెండూ చాలావరకు పక్కకుపోతాయి.

కొత్తసందేహం:
ఇంకొకటి. కొన్ని పేద దేశాల రేటు సంపన్న దేశాల కంటే తక్కువ ఉంటుంది. అదెలా?

పాతలెక్కలు:
నిరుద్యోగ భృతి లేనిచోట ఖాళీగా ఉండి నచ్చిన పని వెతుక్కునే వెసులుబాటు ఎవరికుంటుంది? దొరికిందేదో చేస్తారు, ఎంతొస్తే అంత. సర్వేలో వాళ్లకు ఉపాధి ఉన్నట్టే. అలాంటిచోట నేను ఈ రేటు చూడను, జీతాలూ పని గంటలూ చూస్తాను.

అంకెలరాయుడు:
అంటే సగం దేశాలకు పనికిరాదని ఒప్పుకున్నట్టేగా!

పాతలెక్కలు:
దేశాల మధ్య పోలికకు పనికిరాదు. ఒకే దేశం, ఒకే సర్వే, వరుసగా కొన్నేళ్లు అయితే నేను ఇప్పటికీ మొదట చూసేది దీన్నే.