ఎండ పడే మడిలో నీటి ఎద్దడిని తట్టుకునే బహువార్షిక అడవిపూలు: గైలార్డియా కాండం మొదలు మెత్తబడుతోంది

ఎండమడి:
స్థలం 10 అడుగులు × 15 అడుగులు. రోజుకు ఏడెనిమిది గంటలు నేరుగా ఎండ. బంకమట్టి, వాన పడితే మర్నాటిదాకా నీళ్లు నిలుస్తాయి. సగం మడిలో పశువుల ఎరువు బాగా వేసి గైలార్డియా, కోరియాప్సిస్, ఎకినేసియా నారు నాటాను, రోజూ సాయంత్రం నీళ్లు పెడుతున్నాను. గైలార్డియా అడుగాకులు పసుపుబారి, కాండం నేలను తాకే చోట గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతోంది. వాలిపోతుంటే ఇంకాస్త నీళ్లు పోస్తున్నా తేరుకోవడం లేదు. ఎండ ఎక్కువైందా? మిగతా సగంలో విత్తనాలు చల్లాలని ఉంది. మట్టిని ఎలా సిద్ధం చేయాలి?

తల్లివేరు:
ఎండ వల్ల కాదండీ, తడి వల్ల. అది మొదలుకుళ్ళు. బంకమట్టిని రోజూ తడిపితే రేణువుల మధ్య ఖాళీలు నీళ్లతో నిండిపోయి వేళ్లకు గాలి అందదు. కుళ్లిన వేరు నీళ్లు లాగలేదు కాబట్టి తడిమట్టిలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. దాహమనుకుని ఇంకా పోస్తే అంతటితో అయిపోతుంది. వాలిన మొక్క కనబడితే ముందు వేలు రెండంగుళాలు మట్టిలోకి దించండి. చల్లగా తగిలి మట్టి వేలికి అంటుకుంటే నీళ్లు వద్దు. మధ్యాహ్నం వాలి పొద్దు వాలాక లేచే మొక్కకూ ఏమీ అక్కర్లేదు. మట్టి లోపల పొడిగా ఉండి, తెల్లవారేసరికి కూడా వాలే ఉంటేనే పోయండి.

నీరు ఇంకే వేగం చూడండి. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లతో నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి, గంటకు ఎంత దిగిందో కొలవండి. అంగుళం కంటే తక్కువైతే ఆ నేలమట్టంలో గైలార్డియా, పెన్‌స్టెమన్ నిలవవు. అప్పుడు మట్టిని 8 నుంచి 12 అంగుళాల ఎత్తు దిబ్బగా పోయడమే మార్గం. మట్టి రెండు పాళ్లు, ముతక గులకరాయి ఒక పాలు చాలు. బంకమట్టిలో కొంచెం ఇసుక మాత్రం కలపకండి. సన్న రేణువులు ఇసుక మధ్య ఖాళీల్లో కూరుకుపోయి, ఆరాక గడ్డ కట్టేస్తుంది.

దిబ్బ మీద కూడా తేడా ఉంటుంది. పైభాగం త్వరగా ఆరుతుంది, అక్కడ పెన్‌స్టెమన్, గైలార్డియా, నీలి అవిసె (చెట్టు కాదు, లైనమ్ జాతి పూలమొక్క). అంచుల్లో కాస్త తడి నిలుస్తుంది, అక్కడ ఎకినేసియా పర్‌పురియా, కోరియాప్సిస్ లాన్సియోలాటా. నాటేటప్పుడు మొక్క మొదలు చుట్టుపక్కల మట్టికి అర అంగుళం పైనే ఉండాలి. పైన చెక్కపొట్టుకు బదులు అంగుళంన్నర మందాన చిన్న గులకరాయి పరవండి. మొదలు దగ్గర తడి నిలవదు, కలుపు తగ్గుతుంది.

ఎరువు ఇక ఆపేయండి. నత్రజని ఎక్కువైతే కాడ పొడుగ్గా సాగి, బరువుకు పడిపోతుంది, పూలు తగ్గుతాయి. లాభపడేది కలుపు మొక్కలే.

గింజలసంచి:
పైన చెప్పినదంతా సరైనదే. విత్తనాల సంగతి నేను చెబుతాను.

మిశ్రమం ప్యాకెట్ కొంటే పేర్లు చదవండి. గైలార్డియా పుల్చెల్లా ఏకవార్షికం, గైలార్డియా అరిస్టాటా బహువార్షికం. బహువార్షికమే అయినా గైలార్డియా ఆయుష్షు తక్కువ, తరచూ రెండు మూడేళ్లకే అయిపోతుంది, రాలిన గింజలతో కొనసాగుతుంది. అందుకే కొన్ని పూలను గింజ కట్టేదాకా ఉంచాలి.

తూకంతో జాగ్రత్త. ఒక గ్రాము యారో (అకిల్లియా) విత్తనంలో దాదాపు 6000 గింజలుంటాయి, నారింజ రంగు పూల అస్క్లెపియాస్ ట్యూబరోసాలో 150 చిల్లర. రెండూ సమానంగా తూచి చల్లితే మడంతా యారోనే. పైగా అది వేరుకాండాలతో పాకుతుంది. మీ 75 చదరపు అడుగుల సగానికి యారో గ్రాములో పదో వంతు కూడా ఎక్కువే.

అస్క్లెపియాస్ గింజకు నిద్రావస్థ ఉంటుంది, కొన్నాళ్లు తడిలో చలి తగిలితే అది వదులుతుంది. చలి గట్టిగా ఉండే చోట శీతాకాలానికి ముందు ఆరుబయట చల్లితే ఆ పని ప్రకృతే చేస్తుంది. లేకపోతే తడిపి పిండిన ఇసుకలో కలిపి, మూత పెట్టిన డబ్బాలో ఫ్రిజ్‌లో 30 రోజులు ఉంచండి. వారానికోసారి తెరిచి బూజు పట్టిందేమో చూడండి. దీనికి తల్లివేరు లోతుగా దిగుతుంది, పెద్దయ్యాక పీకి నాటితే బతకడం కష్టం. ఉన్న చోటే విత్తండి, లేదా లోతైన గొట్టంలాంటి కుండీలో పెంచి చిన్నప్పుడే మార్చండి. వసంతంలో అన్నిటికన్నా ఆలస్యంగా చిగురిస్తుంది. చచ్చిందనుకుని తవ్వేస్తారు చాలామంది, అందుకే పక్కన ఒక పుల్ల గుచ్చి ఉంచండి.

చల్లేముందు కలుపు పని పట్టాలి. మంచి ఎండల్లో మడిని తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటు బిగుతుగా పరిచి అంచులు మట్టితో మూసి 4 నుంచి 6 వారాలు వదిలేయండి. తీశాక లోతుగా తవ్వితే అడుగునున్న కలుపు గింజలు పైకొస్తాయి. పైపైన అర అంగుళం గీరితే చాలు. ఒక పాలు గింజకు ఐదారు పాళ్ల పొడి ఇసుక కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లండి. మట్టి కప్పొద్దు, పలక వేసి తొక్కండి. సన్న గింజ లోతుకు పోతే మొలవదు.

ఎండమడి:
తల్లివేరు గారూ, గింజలసంచి గారూ, ధన్యవాదాలు. మెత్తబడిన మొక్క తేరుకుంటుందా? మొలకలకు నీళ్లు ఎన్నాళ్లు పెట్టాలి?

తల్లివేరు:
మొదలు చుట్టూ మెత్తబడినది తేరుకోదు, చుట్టూ మట్టితో సహా తీసేయండి. ఒకవైపే రంగు మారినవాటి మొదలు దగ్గర మట్టి పక్కకు లాగి గాలి తగలనివ్వండి.

మొలకలకు మాత్రం మొదటి మూడు నాలుగు వారాలు పైమట్టి ఆరకూడదు, సన్నజల్లుగా రోజూ. మూడు నాలుగు అసలు ఆకులు (మొలకెత్తగానే వచ్చే బీజదళాలు కాదు, ఆ తర్వాత వచ్చేవి) వచ్చాక వారానికోసారి ఆరంగుళాల లోతు తడిసేలా పెట్టండి. వేరు తడి వెంట కిందికి దిగుతుంది. మొదటి ఏడాది ఆకులే ఎక్కువ, పూలు అంతంతమాత్రం, ఎందుకంటే మొక్క బలమంతా వేరుకే పోతుంది. కలుపు ఎదిగితే పీకొద్దు, పక్క మొలకలు కూడా లేచొస్తాయి. అడుగు ఎత్తుకు రాగానే ఐదారంగుళాల దగ్గర కోసేయండి. రెండో ఏడాది నుంచి వాన లేకుండా మూడు నాలుగు వారాలు దాటితేనే నీళ్లు.