‘కలఁడో లేఁడో’: నాలుగో పాదంలో ఏం మాయమైంది?

గజేంద్ర మోక్షంలోని ‘కలఁడందురు’ పద్యం అందరికీ నోటికొచ్చిందే. నా సందేహం భక్తి గురించి కాదు, ‘కలడు’ అనే క్రియ గురించి. ‘ఏనుగు నల్లనిది’ అంటే ఏనుగుకో గుణం చెప్పాం. ‘ఏనుగు ఉంది’ అన్నప్పుడు కూడా ఉనికి అనే గుణం చెప్పినట్టేనా? కాదన్నాడు జర్మన్ తత్వవేత్త కాంట్, 1781లో. ఊహలోని వంద తాలర్లకూ (అప్పటి జర్మన్ వెండి నాణేలు) నిజం తాలర్లకూ లెక్కలో ఒక్క నాణెం తేడా ఉండదట. కానీ మన తెలుగులో ‘వచ్చినాడు’, ‘కలడు’ ఒకే ‘డు’ తగిలించుకుంటాయి కదా! పెద్దలు చెప్పాలి.

— ఆ ‘డు’ని నమ్మకండి, లేదనడం ఎలాగో చూడండి. ‘అది పాము కాదు, తాడు.’ ‘అక్కడ పాము లేదు.’ కాదు, లేదు తారుమారు చేస్తే వాక్యం చెడుతుంది. ఇంగ్లీషు ‘ఈజ్’, జర్మన్ ‘ఇస్ట్’ ఉందనడం, ఫలానాది అనడం రెండు పనులూ తామే చేస్తాయి కాబట్టి అక్కడ అంత గొడవ. ‘ఏనుగు నల్లనిది’ అనడానికి మనకు క్రియే అక్కర్లేదు.

— అంత తేలిగ్గా తెగదండీ. మా అమ్మ పులుసు రుచి చూసి ‘పుల్లగా లేదు’ అంటుంది. గిన్నె నిండా పులుసు ఉంది మరి!

— అమ్మగారే దారి చూపించారు. లేనిది పులుపు, ఎక్కడ? పులుసులో. ‘కుందేటికి కొమ్ము లేదు’ కూడా అంతే, ఆ మాట కుందేటి గురించి. లేని కొమ్ముకు ‘లేకపోవడం’ అనే గుణం అంటగట్టనక్కర్లేదు. తెలుగులో ‘ఉంది’ అనగానే ఎక్కడ, ఎవరికి అన్న ప్రశ్న వెంటే వస్తుంది.

ఇప్పుడు పద్యం చూడండి. ‘దీనుల యెడ’, ‘పరమయోగి గణముల పాలం’, ‘అన్ని దిశలను’. మూడు పాదాల్లోనూ కలడనడానికి ఒక చోటు ఉంది. నాలుగో పాదంలో పోతన ఆ చోటు తీసేశాడు. వట్టి ‘కలఁడో లేఁడో’ మిగిలింది. మొసలి పట్టులో ఉన్న ఏనుగు అడిగే ప్రశ్న అదే మరి. ఇంకో చమత్కారం: లేనివాణ్ణి ‘వాడు లేడు’ అనాలంటే ఆ ‘వాడు’ ఎవడు? పోతన పేరు చెప్పలేదు, ‘కలఁడు కలండనెడువాఁడు’ అన్నాడు. లోకం చెప్పుకునే మాటనే కర్తగా నిలబెట్టి, ఆ మాటకు తగినవాడు ఉన్నాడా అని అడిగాడు. 1905లో ఇంగ్లీషు తత్వవేత్త రసెల్ చెప్పిన వర్ణనల సిద్ధాంతం (‘ఫలానావాడు లేడు’ అంటే ఆ వర్ణనకు తగినవాడు ఎవడూ లేడని అర్థం) దీనికి దగ్గర చుట్టమే.

— మన ప్రాచీన దర్శనాల్లో ఒకటైన వైశేషికం వాళ్లు ఒప్పుకోరు సార్. ‘సత్త’ (ఉనికి) ద్రవ్య, గుణ, కర్మలు (వస్తువు, లక్షణం, చలనం) మూడింటిలోనూ ఉండే పరసామాన్యం, అంటే అన్నిటికన్నా విస్తృతమైన ఉమ్మడి ధర్మం అంటారు. అయితే సామాన్య, విశేష, సమవాయాల్లో (ఉమ్మడి ధర్మం, వేరుచేసే ధర్మం, విడదీయలేని సంబంధం) సత్త లేదట. అవి ఉన్నాయని ఒప్పుకుంటూనే!

— మరి ‘ఉన్నవాడు, లేనివాడు’ సంగతేంటి? ఏం ఉన్నవాడో చెప్పకుండానే డబ్బని తెలిసిపోతుందే!

— నిజమే. తన ఆస్తి లెక్కకొచ్చేసరికి నిజం తాలర్ల దగ్గరే ఎక్కువ ఉందని కాంట్ కూడా ఒప్పుకున్నాడు లెండి.