లోంగేవాలా డయోరమా: బీచ్ ఇసుక వాడొచ్చా, పుట్టీయే దిక్కా?

కొత్తచెయ్యి:
1/35 స్కేలులో (అసలుకు ముప్పై అయిదో వంతు) పాకిస్తాన్ టీ-59 ట్యాంకుతో మొదటి డయోరమా, అంటే నేలతో సహా చిన్న నమూనా దృశ్యం, మొదలుపెడుతున్నాను. సన్నివేశం భారత్-పాక్ యుద్ధంలో రాజస్థాన్ థార్ ఎడారిలోని లోంగేవాలా, 1971 డిసెంబర్ 5 ఉదయం. ఇసుకలో దిగబడిపోయిన ట్యాంకు ఒకటి, దాన్ని వదిలేసి దిగుతున్న ఇద్దరు సైనికులు. బేస్ 30 × 25 సెం.మీ. నేల గురించే రెండు మాటలు వినిపిస్తున్నాయి. ఆర్కే బీచ్ ఇసుక ఉండగా వేరే ఖర్చెందుకని కొందరు, అసలు ఇసుక స్కేలుకు నప్పదు, వాల్ పుట్టీయే వాడాలని కొందరు. మీరేమంటారు?

గాజువాక_35:
పుట్టీయే. లెక్క చూడు తమ్ముడూ. బీచ్ ఇసుక రేణువు అర మిల్లీమీటరు అనుకుందాం. ముప్పై అయిదుతో గుణిస్తే పదిహేడున్నర మిల్లీమీటర్లు. నీ సైనికుడు నిలబడేది ఇసుక మీద కాదు, స్లాబుకు పోసే ముప్పావంగుళం కంకర మీద. థార్ దిబ్బల ఇసుక రేణువు చాలావరకు పావు మిల్లీమీటరు లోపే. దాన్ని ముప్పై అయిదో వంతుకు తగ్గిస్తే ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన.

ఇంకోటి, మన తీరం ఇసుకలో ఇల్మెనైట్ నల్లగా, గార్నెట్ ఎర్రగా కలిసి ఉంటాయి. పైన లైటు పడితే తళుక్కుమంటాయి. ఉప్పు సరిగ్గా పోకపోతే వానాకాలం తేమ పీల్చి, ఆరాక తెల్లగా పొంగుతుంది. ఇత్తడి ఫోటో-ఎచ్ ముక్కలు (మోడల్‌కు అతికించే పలచటి రేకు భాగాలు) పచ్చబడతాయి.

భీమిలి_బేస్:
లెక్క సరే అన్నా, కానీ పుట్టీ నేలలు సగం సిమెంటు గచ్చులా ఉంటాయి. వెలుతురు ఎక్కడా విరగదు, అంతా ఒకే నునుపు. ఇసుకను అలాగే తెచ్చి పోయమని ఎవరూ అనట్లేదు. గుప్పెడు చాలు. మంచినీళ్లలో అయిదుసార్లు కడగాలి, పెనం మీద పొడిపొడిగా వేయించాలి, ముందు టీ జాలిలో, తర్వాత పలచటి నూలుగుడ్డలో జల్లించాలి. గుడ్డలోంచి దిగిందే వాడాలి. బలమైన అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి తిప్పితే నల్లరేణువుల్లో చాలావరకు వచ్చేస్తాయి.

అతికించే పద్ధతి: ఒక వంతు ఫెవికాల్, రెండు వంతుల నీళ్లు, రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్. ముందు ఇసుక మీద స్పిరిట్ చిలకరించి, తర్వాత డ్రాపరుతో జిగురు వదలాలి. స్పిరిట్ లేకుండా వేస్తే చుక్క ముత్యంలా నిలబడి ఇసుకను గుంటలు చేస్తుంది.

ఒక్క మనవి. రంగు బాగుందని ఎర్రమట్టి దిబ్బల మట్టి మాత్రం తేకండి. అది కాపాడుకోవాల్సిన చోటు, పైగా ఆ ఎరుపు థార్‌ది కాదు.

సీతమ్మధార_బెంచ్:
ఇద్దరూ ఎడారి అంటే ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు. 1942లో ఈజిప్టులో జరిగిన అలమైన్ యుద్ధం చేసేవాళ్లకు భీమిలి గారి మాట నిజం. అక్కడ నేల చాలాచోట్ల గట్టిది, రాళ్లూ గులకలూ ఉన్నది. అర మిల్లీమీటరు రేణువులు అక్కడ గులకరాళ్లుగా సరిగ్గా కుదురుతాయి. లోంగేవాలా అలా కాదు, మెత్తటి ఇసుక. టీ-59లు అందులో కూరుకుపోయాయి, తెల్లారాక జైసల్మేర్ నుంచి వచ్చిన మన వాయుసేన హంటర్ విమానాలకు దొరికిపోయాయి. కథంతా ఆ మెత్తదనంలోనే ఉంది కాబట్టి ఈ బేస్‌కు నా ఓటు కూడా పుట్టీకే.

గాజువాక_35:
సరిగ్గా అదే. ఆరిన ఇసుకలో ట్రాక్ (ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ) గుర్తు నొక్కలేవు, జిగురు పోశాక అసలే నొక్కలేవు. కొత్తవాళ్ల బేస్‌లలో ఎక్కువగా కనిపించే తప్పు కూడా ఇదే: ముప్పై ఆరు టన్నుల ట్యాంకు నేల మీద పెట్టినట్టు ఉంటుంది, నేలలో ఉన్నట్టు ఉండదు.

టీ-59 పొట్టకూ నేలకూ మధ్య 42 సెం.మీ. పైచిలుకు ఎడం. స్కేలులో 12 మి.మీ. దిగబడిన ట్యాంకంటే పొట్ట ఇసుకకు ఆనాలి, అంటే ట్రాకులు 12 మి.మీ. లోపలికి పోవాలి. మూడు మిల్లీమీటర్ల పుట్టీలో అంత లోతు రాదు. అందుకే కింద 25 మి.మీ. గట్టి థర్మకోల్ వేసి, ట్యాంకును దాని మీద పెట్టి పెన్సిలుతో గీసి, ట్రాకుల కిందంతా గాడి కొయ్యి. ట్రాక్ వెడల్పు 58 సెం.మీ., నీకు 16.5 మి.మీ. గాడిని 18 పెట్టుకో. తర్వాత థర్మకోల్ మొత్తం ఫెవికాల్ పూత వెయ్యి. లేకపోతే స్ప్రే పెయింట్ తగిలినచోట కరిగి గుంట పడుతుంది.

ఈ బేస్‌కు 300 గ్రాముల పుట్టీ పొడి, 110 మి.లీ. నీళ్లు, రెండు టీస్పూన్ల ఫెవికాల్ సరిపోతాయి. వేలికి అంటుకోకుండా, నొక్కితే గుర్తు పడే దశలో ట్రాకులను తడిపిన పలచటి పాలిథీన్‌లో చుట్టి నొక్కు. ఆ గుర్తును అలాగే వదలకు. పొడి ఇసుకలో అంచులు నిలబడవు, జారతాయి. తడి కుంచెతో అంచుల్ని లోపలికి తోసెయ్యి.

కొత్తచెయ్యి:
పగుళ్ల భయం ఉంది. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అయితే తేలిక కదా?

సీతమ్మధార_బెంచ్:
ప్లాస్టర్ పది, పదిహేను నిమిషాల్లో బిగుసుకుంటుంది. మొదటిసారి చేసేవాళ్లకు ఆ టైము చాలదు. పుట్టీ పగిలేది నీళ్లు ఎక్కువైనా, ఒకేసారి మందంగా వేసినా, ఫ్యాను కింద ఆరబెట్టినా. రెండు మి.మీ. పొర, ఒక రాత్రి ఆరనిచ్చి రెండోది. సన్న బీట వస్తే పలచటి పుట్టీ కుంచెతో పూస్తే పోతుంది. బేస్‌కు ఎండీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసిన బోర్డు) వద్దు, మన గాలికి ఉబ్బుతుంది. 12 మి.మీ. ప్లైవుడ్ తీసుకుని అడుగున కూడా వార్నిష్ వెయ్యండి. ఒకవైపే తడి తగిలితే వంగుతుంది.

భీమిలి_బేస్:
దిగబడిన ట్యాంకు కాబట్టి పుట్టీకి ఒప్పుకుంటున్నాను. అయినా ఆ నునుపు నాకు నచ్చదు. రెండో పొర తడిగా ఉండగానే, టైళ్ల సందులు నింపే గ్రౌట్ పొడిని, ఇసుక లేని రకాన్ని, లేత గోధుమరంగుది, నూలుగుడ్డలోంచి విదిలించండి. పౌడరంత మెత్తగా ఉంటుంది, స్కేలు చెడదు, వెలుతురూ విరుగుతుంది. బొమ్మల బూట్లు కూడా అప్పుడే నొక్కాలి. ఆరాక అతికిస్తే గాలిలో నిలబడ్డట్టే ఉంటాయి.

గాజువాక_35:
గ్రౌట్‌కు అభ్యంతరం లేదు, తడిస్తే రంగు ముదురుతుంది, పైన పెయింట్ ఎలాగూ వేస్తాం. ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) మూడు వంతులు, తెలుపు నాలుగు, రా అంబర్ (ముదురు గోధుమ) అర. అదే కలుపును బాగా పలచన చేసి ట్యాంకు కింది సగం మీద, చక్రాల మధ్య పూయాలి. దుమ్ముది ఒక రంగు, నేలది ఇంకో రంగు అయితే ట్యాంకు వేరే ఊరి నుంచి తెచ్చిపెట్టినట్టు ఉంటుంది.

కొత్తచెయ్యి:
ఖాళీగా ఉన్న మూలలో తాటిచెట్టు పెట్టొచ్చా?

భీమిలి_బేస్:
తాటిచెట్టు వద్దు తమ్ముడూ. థార్‌లో జిల్లేడు ఉంటుంది, ఇంకా పొదలుగా ఎదిగే గడ్డి. జిల్లేడాకు పది సెం.మీ. అనుకున్నా స్కేలులో మూడు మిల్లీమీటర్లు. పలచటి కాగితం కోసి, మధ్య ఈనె దగ్గర గోరుతో మడిచి, సన్నటి రాగితీగకు రెండేసి ఎదురెదురుగా అతికించు. రంగు పచ్చగా వెయ్యకు, బూడిద కలిసిన లేత ఆకుపచ్చ. ఆఖరి మ్యాట్ వార్నిష్ వానరోజుల్లో స్ప్రే కొట్టకు, తేమకు తెల్లటి పొర పడుతుంది. కుంచెతో పూసే అక్రిలిక్ రకం తీసుకో.